పావు చుట్టు ఎనుకకు

తప్పు నాదే.
మెకానిక్‌కు ఇచ్చే నూటయాభై మిగులుతదని
ఆదివారం పొద్దుగాల ఇంటి ముందర
బండి కింద పలిగిన టబ్బు పెట్టి
నేనే ఆయిల్ మార్చిన.
నల్లగ కారింది, కారనిచ్చిన.
కొత్తది పోసే ముందుగాల బోల్టు బిగించిన.
ఇంకింత బిగించిన.
కారుతదేమో అన్న అనుమానంతోని
పానాకు పైపు తొడిగి ఇంకో చుట్టు.

టిక్కుమనలేదు, ఇరగలేదు.
చేతిల బరువు ఒక్కసారే పోయింది,
గుంజుతున్న తాడు అవుతల ఎవరో ఇడిసిపెట్టినట్టు.
ఆ తర్వాత బోల్టు తిరుగుడే తిరుగుడు,
యాడా పట్టు లేదు.

మూడు రోజులు ఎం-సీల్ అతికిచ్చి నడిపిన.
పర్వతగిరి దిక్కు ఊర్లల్ల
గ్రూపుల కిస్తీలు వసూలు చేసేటోణ్ణి,
బండి ఆగితే నా రోజు ఆగుతది.
ఆగిన ప్రతి వాకిట్ల
నాలుగు చుక్కలు రాల్చుకుంట పోయిన.

శివనగర్ అండర్‌బ్రిడ్జి దాటినంక
రైలుకట్టకు ఆనుకోని యాకూబలి షెడ్డు.
బండిని పక్కకు ఒరగబెట్టి
ఎం-సీల్‌ను గోటితోని గిల్లి వాసన చూసిండు.
"ఎవరు బిగించిన్రు?"
చెప్పిన.
బోల్టు ఊడదీసి నా అరచేతుల పెట్టిండు.
దాని గాట్లల్ల సన్నటి తెల్లటి తీగ
చుట్టుకోని మెరుస్తున్నది.
"గదే నీ ఇంజను," అన్నడు.
"బోల్టు ఉక్కుది, దానికేం కాలే.
ఇంజను సిల్వర్‌ది, మెత్తటిది. గదే చీరుకపోయింది."

పాడైన చూడీని మొత్తం తొలిస్తేనే
కొత్తది కూసుంటదట.
రజను లోపల పడకుంట
ట్యాపుకు దట్టంగ గ్రీజు పూసి
గోనెసంచి మీద ఎల్లకిల పండుకున్నడు.
అర చుట్టు ముందటికి.
పావు చుట్టు ఎనుకకు.
మళ్ల అర. మళ్ల పావు.
కట్ట మీదికెళ్లి గూడ్సు పోతుంటే
నేల అదురుతదని చెయ్యి ఆపి
ఆఖరి డబ్బా దాటేదాక కండ్లు మూసుకున్నడు.

"ఎనుకకెందుకు?" అడిగిన.
"కోసిన ముక్క తెగాలె గద.
తెగకుంట నూకితే ట్యాపు లోపల్నే ఇరుగుతది,
అప్పుడు నువ్వు నేను కూసోని ఏడ్వాలె."
కొంచెం సేపటికి తనే అన్నడు:
"మా అమ్మ అన్నారం ఉర్సుల గాజులమ్మేది.
ఎంత గట్టి చెయ్యైనా
సబ్బు నురుగు రాసి
ముందటికింత, ఎనుకకింత.
ఒక్కటి పలిగేది కాదు.
మా బోలీల రెంటికీ ఒకటే పేరు, చూడీ."

స్ప్రింగు లెక్క ఉన్న తీగచుట్టను
కడ్డీకి తగిలిచ్చి లోపలికి తిప్పిండు.
దాని తోకను టక్కున తుంచి
సన్న పట్కారుతోని బయటికి గుంజిండు.
పైకెళ్లి గ్లాసెడు ఆయిల్ పోసి
అడుగున మిగిలిన రజను కడిగిండు.
కొత్త రాగి వాషరు.
బోల్టు ముందుగాల వేళ్లతోని,
తర్వాత పొట్టి పానాతోని,
గది గూడ మెడకాడ పట్టుకోని.
ఆగిండు.
నా చెయ్యి దానంతటదే ముందటికి పోయింది.
"సాలు," అన్నడు.

నాలుగువందల యాభై తీసుకోని
పాత బోల్టు పేపర్ల చుట్టి నా జేబుల ఏసిండు.
రాత్రి బండి కింద అట్టముక్క పెట్టిన.
తెల్లారి చూస్తే పొడిగ ఉన్నది.
నమ్మక వేలుతోని రాసి చూసిన.

మంగళారం.
కొమురక్క వాకిట్ల
నా నాలుగు చుక్కల మీద బూడిద పోసి ఉన్నది.
మూడు కిస్తీలు బాకీ.
పోయిన వారం పదిమంది ఆడోళ్ల ముందట
ఆమెను ఏమన్ననో
ఆమెకు యాదికున్నది, నాకూ యాదికున్నది.
రిజిస్టరు తీసిన,
పేజీ దొరికినంక మళ్ల సంచిల పెట్టిన.
అట్టముక్క బండి కింద పరిచి
గద్దె మీద ఒక మూలకు కూసున్న.

చెంబుల నీళ్లు తెచ్చి పక్కన పెట్టి
ఆమె వంగి చూసింది,
చేతికి రెండే రెండు ప్లాస్టిక్ గాజులు.
"ఇంక కారుతున్నదా సారూ?"
"లేదక్కా. మంచిగైంది."
"మరి అట్టెందుకు?"