మంచు మీద కారు

మార్చి నెలాఖరు, గురువారం, సాయంత్రం ఆరు.
సరస్సు ఇంకా గట్టిగానే ఉంది.
నడిమధ్యన, ఇంజనూ నూనే తీసేసిన పాత బ్యూక్ కారు,
ఇరుసుకో పొడవాటి గొలుసు.
అది ఏ రోజు ఏ గంటకు మునుగుతుందో
ఐదు డాలర్లిచ్చి ఎవరైనా జోస్యం చెప్పొచ్చు.
మిన్నెసోటాలో మా ఊరికి ఇదే పెద్ద పందెం.

కాదు, ఇంకోటి ఉంది.

ఆ గంటకే టోయివో లంపినెన్
ఫోన్లో ఒక్కో ఉత్తరం తెరిచాడు.
ఏడు కాలేజీలు.
ఏడింటిలోనూ ఇంచుమించు ఒకటే వాక్యం:
ఈ ఏడు అర్హులు చాలామంది వచ్చారట.
అర్హుడివని చెప్పి మరీ తలుపేశారు.

నేను ఆ బడిలో కౌన్సెలర్ని.
ఇరవై రెండేళ్ళుగా పిల్లల మీద ఉత్తరాలు రాస్తున్నాను.
నా గదిలో గోడ మీద ఒక పటం ఉంటుంది,
అడ్డంగా మార్కులు, నిలువుగా పరీక్ష స్కోరు.
సీటొస్తే ఆకుపచ్చ చుక్క, రాకపోతే ఎర్రది.
పేర్లుండవు.
నాకు మాత్రం ప్రతి చుక్కకీ ముఖం కనిపిస్తుంది.

కింది మూలన ఒంటరిగా ఉన్న ఆ పచ్చ చుక్క
కెజయా లిండ్‌క్విస్ట్.
ఒక కాలేజీకి రాసిన వ్యాసంలో
ఇంకో కాలేజీ పేరు వదిలేసింది.
అక్కడే సీటొచ్చింది.

"బసూన్ వాయిస్తుంది కదా, వాళ్ళ బసూన్ కుర్రాడు
ఈ ఏడే చదువైపోయి వెళ్ళాడట" అన్నాడు హార్డ్‌వేర్ కొట్టు ఆస్కర్.
"వాళ్ళ తాత డబ్బిచ్చుంటాడు" అన్నారింకెవరో.
వాళ్ళ తాత స్కూలు బస్సు నడిపేవాడు.
"పల్లెటూరి పిల్లలు కావాలట ఈసారి."
టోయివో ఇల్లు కూడా ఆ కంకర రోడ్డు మీదే,
వాళ్ళ తపాలా డబ్బాకి రెండు డబ్బాల అవతల.

కాకి వాలిందీ, పండు రాలిందీ.
ఇక్కడ తాళ్ళు లేవు, కాకులు మాత్రం బోలెడు.

సోమవారం పొద్దున్నే వాళ్ళ నాన్న ఆర్విడ్ వచ్చాడు.
రాత్రంతా రోడ్ల మీద మంచు తోసిన బండి దిగి,
టోపీ తీసి, బూట్లు నీళ్ళోడుతుంటే
కూర్చోకుండానే అడిగాడు:
"ఏం తక్కువైంది?"
ఏ బోల్టు వదులైందని యంత్రం గురించి అడిగినట్టు.

నా సొరుగు నిండా కారణాలున్నాయి.
ఒకటి తీయబోయి, ఆగాను.

ఒక చలికాలం నేనూ అలాంటి గదిలో కూర్చున్నాను, ఆర్విడ్.
ఒక్కో పిల్లకి పన్నెండు నిమిషాలు.
ఒకమ్మాయి తేనెటీగల గురించి రాసింది.
పక్కాయన్ని వారం క్రితమే ఈగ కుట్టింది,
వాచిన వేలు చూపించి నవ్వాడు, మేమూ నవ్వాం,
అప్పుడు చెయ్యెత్తాం.
సరేననో, వద్దనో
నాకిప్పుడు గుర్తు లేదు.
ఆ రోజు సూప్ బాగుందని గుర్తుంది.

చాలాసేపు టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు.
"అయితే
సీటొచ్చిన వాళ్ళక్కూడా కారణం లేదన్నమాట."

గోడ మీది పచ్చ చుక్కలవైపు
ఆ రోజంతా నేను తలెత్తలేదు.

ఏప్రిల్ పంతొమ్మిది, తెల్లవారుజాము నాలుగూ పన్నెండుకి
కారు మునిగింది.
ముప్పై ఏళ్ళ చలీ గాలీ నోట్‌బుక్కులో ఎక్కించి
టోయివో కట్టిన లెక్క తొమ్మిది రోజులు తప్పింది.
గెలిచింది ముసలి మిసెస్ వెస్టరినెన్,
చచ్చిపోయిన తన కుక్క పుట్టినరోజు రాసింది.

ఒడ్డున తండ్రీ కొడుకులు గొలుసు లాగారు.
కారు నాచు కార్చుకుంటూ పైకొచ్చింది,
వెనక సీట్లో వేలంత చేప ఎగిరెగిరి పడుతోంది.
టోయివో దాన్ని రెండు చేతులా పట్టి నీళ్ళలోకి విసిరాడు.
ఆ మూడు వారాల్లో వాడు నవ్వగా చూడటం అదే మొదలు.

వచ్చే ఏడు పిల్లల ఉత్తరాలు ఆ రాత్రే మొదలుపెట్టాను.
"అసాధారణ ప్రతిభ" అని రాసి కొట్టేశాను.
గొలుసు లాగేవేళ తన చేతితొడుగులు
పక్కవాడికిచ్చి, చేతులు చంకల్లో దాచుకున్న పిల్ల,
అని రాశాను.

ఎవరు చదువుతారో.
భోజనానికి ముందో, తర్వాతో.