ఎర్తు

ఈ కోర్సాలో హీటరు పనిచేయదు,
వెనక కుడి తలుపు లోపల్నించి తెరుచుకోదు.
స్టీరియో మాత్రం బ్రహ్మాండం అన్నాడు అమ్మినవాడు,
దాని కిందున్న చిన్న చిల్లుని
చంటిబిడ్డ బొడ్డు చూపించినంత మురిపెంగా చూపించాడు.

ఆ చిల్లులోకి తీగ. తీగకి అటు కొసన
అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు ప్లేయరు.
తెర పగిలింది, బ్యాటరీ చచ్చి ఏడేళ్ళు,
సిగరెట్ లైటరు గుంటలో ఛార్జరు గుచ్చితే గానీ
కళ్ళు తెరవదు.
గుచ్చాను.

ముందు మోత.
ఇంజను ఎలా అంటే అలా అంటుంది:
యాక్సిలరేటరు తొక్కితే పైకి, రౌండెబౌట్ దగ్గర కిందికి,
ఎర్రదీపం దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటుంది.
దాని వెనక ఎక్కడో
రైసు మిల్లు అవతల్నించి పిలిచినట్టు
రత్నాంబ టీచరు.

నా పని వినికిడి మిషన్లు బాగుచేయడం.
సోమవారం స్పాల్డింగ్, గురువారం హోల్‌బీచ్,
శుక్రవారం బోస్టన్‌లో చర్చి వెనక గది.
"చెవిలో ఎవరో ఈల వేస్తున్నారమ్మా" అంటారు ముసలివాళ్ళు.
చిన్న బ్రష్షుతో దులిపి, గొట్టం మార్చి
ఈల లేకుండా ఇంటికి పంపిస్తాను.
కారులో ఈల దగ్గర నా చదువు పనిచేయలేదు.

గ్యారేజీలో విటౌటాస్
క్యాబేజీలు కొయ్యడానికొచ్చి రెంచీ పట్టినవాడు.
డాష్‌బోర్డుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని,
"ఎర్తు" అన్నాడు.
లేదా? అన్నాను.
"ఎక్కువైంది.
ఛార్జరు ఒకచోట నేల తాకుతోంది, స్టీరియో ఇంకోచోట.
రెండుచోట్ల నేల తాకితే
ఏదీ ఊరికే ఉండదు."
మధ్యలో పెట్టే డబ్బా ఉందట, పన్నెండు పౌండ్లు,
పెడితే చీమ చిటుక్కుమనదట.
శుక్రవారానికి తెప్పిస్తానన్నాడు.

ఇవాళ గురువారం. ఇంకా తెల్లారలేదు.
రోడ్డుకి అటూ ఇటూ ఇస్త్రీ చేసి పరిచిన నేల,
గీత గీసినట్టు కాలవలు, మంచు,
ముందు బంగాళదుంపల లారీ, నలభై దాటనివ్వదు.

ఇదే ప్లేయరుకున్న సూదిబెజ్జం మైకుతో
పార్వతీపురం మేడగదిలో రికార్డు చేసిన పాఠం.
సావేరి. నాకు పదిహేనేళ్ళు.
టీచరు రెండుసార్లు దగ్గుతుంది. కింద ఎవరో గ్యాసుబండ దొర్లిస్తారు.
లోపలి శ్రుతీ బయటి మోతా
జుట్లు పట్టుకుని కొట్టుకుంటూనే ఉన్నాయి.
పన్నెండో నిమిషంలో కరెంటు పోతుంది.
ఫ్యాను నెమ్మదించడం వినిపిస్తుంది,
కరెంటు శ్రుతిపెట్టె మాట మధ్యలో నోరు మూస్తుంది.
"పోతే పోయింది, నువ్వు పాడు."
పాడతాను. నాలుగు వరసలు.
తర్వాత చంకలోంచి జారే బిందెలా
నాకు తెలియకుండానే దిగిపోతాను.
ఎప్పుడు విన్నా సిగ్గేసి అక్కడే ఆపేసేదాన్ని.

లారీ ఎడమకి తిరిగి ఏదో పొలంలోకి పోయింది.
నాలుగో గేరు. యాభై. యాభై మూడు.
మంచులో రెండు చేతులూ స్టీరింగు మీదే, ఆపడానికి వేలు ఖాళీ లేదు.
పన్నెండో నిమిషం. కరెంటు పోయింది.
మోత మాత్రం పోలేదు.
ఎక్కి, ఇంకాస్త ఎక్కి
యాభై ఆరు దగ్గర
టీచరు షడ్జం పక్కన పీట వేసుకుని కూర్చుంది.

ఊపిరి బిగబట్టి కాలు కదలకుండా పట్టుకున్నాను.
వెంట్రుకవాసి ఎక్కువైతే అల లేస్తోంది,
సర్దితే మళ్ళీ నూనెలా పరుచుకుంటోంది.
ఆ గదికి ఇన్నాళ్ళకి కరెంటొచ్చింది,
ఇంగ్లండు బొగ్గుదో గాలిదో కాదు,
ఈ డొక్కు ఇంజను బెల్టు తిప్పి పంపిన కరెంటు.

అప్పుడు ఆ పిల్ల పాట.
ఒకటో వరస నిలబడింది. రెండూ, మూడూ.
నాలుగు దాటాక దిగింది, ఎప్పటిలాగే,
పక్కన కొలబద్ద ఉంది కనక ఇంకా బాగా తెలిసింది.
టీచరు దిద్దలేదు.
అప్పుడూ దిద్దలేదు, ఇవాళే గమనించాను.

కాలు కొంచెం తీశాను.
యాభై అయిదు. యాభై నాలుగు.
మోత మెట్టు దిగి
ఆ పిల్ల ఎక్కడుందో అక్కడికొచ్చి ఆగింది.

వెనక వ్యానువాడు లైట్లు వేశాడు, హారన్ కొట్టాడు.
వరసలో లేదు.
పోనిచ్చాను.