ఏడో గడి

ఉలాన్‌బాతర్ ఉత్తరాన, కొండవాలు మీద
మా వార్డు ఆఫీసు. బొగ్గుపొయ్యి పక్కన నా బల్ల.
పల్లెల నుంచి కొత్తగా దిగినవాళ్ళ పేర్లు రాసుకోవడం నా పని.
ఫారంలో ఏడో గడి: ఎందుకు వచ్చారు?
బొటనవేలంత జాగా.

పశునష్టం అని రాస్తాను. లేదంటే చదువు. లేదంటే ఉపాధి.
పై ఆఫీసులో కూడికకి ఒక్క మాటే కావాలి.

ఇవాళ ఒద్గెరెల్ వచ్చింది.
లారీలో మడతపెట్టిన ఉన్ని గుడారం,
దాని మీద బోర్లించిన పొయ్యి, రెండు నీళ్ళ డబ్బాలు.
"ఎందుకొచ్చావమ్మా?"
"బావి మోటారు," అంది.
నా కలం ఆగింది.

తొమ్మిది గుడారాలకు ఒకటే బావి అట ఆ లోయలో.
డీజిలుకి తలా కాస్త వేసుకునేవాళ్ళు.
ఒక చలికాలం గడ్డి మీద మంచు ఇనపరేకులా బిగుసుకుంది.
గొర్రెలు నిలబడ్డవి నిలబడ్డట్టే పోయాయి.
నాలుగు గుడారాలు లేచాయి.
మిగిలిన ఐదింటి మీద డీజిలు రెట్టింపైంది.
బడి హాస్టల్లో ఆరేళ్ళవాడు పక్క తడుపుతున్నాడని తెలిసి
ఒక తల్లి కదిలింది.
ఆ తర్వాత ఎవరు దేనికి పోయారో
తను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

"మరి నీ మంద?"
"సగం మిగిలింది. బాగానే ఉండేవి.
మోటారు మూగబోయాక తాడేసి తోడేదాన్ని.
నీళ్ళు తోడుకోవచ్చన్నా,
తోడుని ఏ బావిలోంచి తోడను?
మార్చిలో ఒకరోజు మేకను తిడుతుంటే
నా గొంతు ఎవరిదో అనిపించి
వెనక్కి తిరిగి చూశాను.
మర్నాడే బేరగాడికి కబురంపాను."

నీటి ఎద్దడి అని రాయాలా? నీళ్ళున్నాయి.
వెనక వరసలో ఎవరో దగ్గుతున్నారు.

పదకొండేళ్ళ కింద నా గడిలో
ఉపాధి అని రాశారెవరో.
అసలు సంగతి, మా అన్న ఫోన్లో నవ్వాడు.
గుర్రాలు కాసినన్నాళ్ళూ వాడలా నవ్వగా వినలేదు.
ఆ నవ్వు ఎక్కడ దొరుకుతుందో చూద్దామని బస్సెక్కాను.
తాగి ఉన్నాడని తర్వాత తెలిసింది.

ముద్ర వేసి కాగితం చేతికిచ్చాను.
ఏడో గడి ఖాళీ.
గురువారానికల్లా తిరుగుటపాలో వస్తుంది, నాకు తెలుసు.

"ఇక్కడ నీళ్ళెక్కడన్నా?"
"దిగువన కియోస్కు ఉంది. పొద్దున ఏడింటికి తెరుస్తారు.
నలభై, యాభై మంది నిలబడతారు. గంట పైనే పడుతుంది."
"గంటా!" అంది.
ఆ గొంతులో విసుగు లేదు.

కిటికీలోంచి చూస్తే,
గుడారం ఇంకా లారీ మీదే ఉంది.
ఆవిడ రెండు డబ్బాలూ పుచ్చుకుని
పొగలోకి దిగిపోతోంది.
అప్పుడు సాయంత్రం నాలుగు.