హోల్డాన్

పదహారేండ్లుగా ఈ గొంతే నాకు కూడు.
తిరపతి బస్టాండులో నిలబడి
చంద్రగిరి, పనపాకం, పాకాల, పూతలపట్టూ...
అని చివరి అక్షరం సాగదీస్తే
టీ గ్లాసు సగంలో వదిలేసి పరిగెత్తుకోని వస్తారు జనం.

పోయిన మామిడికాయల కాలంలో
అద్దం ముందర ఖాకీ చొక్కా గుండీ పెట్టుకుంటా చూసినా.
మింగితే పైకెక్కి, మళ్ళా దిగతా ఉండాది
చింతగింజంత గడ్డ.
నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని ఎవురు పట్టించుకుంటారు?
మూడు నెలలు దాన్ని
పాసు మర్చిపోయిన కాలేజీ పిల్లోడి మాదిరి
చూసీ చూడనట్టు వదిలేసినా.

స్కానింగు, సూది, పది దినాలకి కాగితం.
తోడొచ్చిన మా డ్రైవరు చెంగల్రాయులు
ఆ మాట వినంగానే
నేల మీద కాలితో బ్రేకు కోసం వెతికినాడు.

డాక్టరమ్మ తొందరపడలా.
"కేన్సరనేది ఇంటిపేరు మునిలక్ష్మీ,
అసలు పేరేందో అడగాల ముందు" అని
మందుల చీటీ వెనక సీతాకోకచిలుక గీసింది.
నాకైతే అది చొక్కా జేబు మూత మాదిరే అగపడింది.

నీది పాపిల్లరీ, అనింది.
ఎక్కువ మందికి వచ్చేది ఇదే.
మెల్లగా పోతాది, మెడ బిళ్ళల కాడ ఆగి ఆగి.
"పల్లెవెలుగు" అనేసినా.
చెంగల్రాయులు నవ్వు ఆపుకున్నాడు. ఆయమ్మ ఆపుకోలా.

ఫాలిక్యులర్ అని ఇంకోటుండాది,
అది నెత్తురు దారి పడతాది, బైపాసెక్కినట్టు.
ఎముకలో తేలొచ్చు, ఊపిరితిత్తుల్లో తేలొచ్చు.
సూదికి నిజం చెప్పదంట.
గడ్డ తీసి, పొర చీల్చుకోని బైటికొచ్చిందా లేదా అని
అద్దాల కింద చూస్తేగాని తేలదు.

మూడోదాన్ని గురించి డాక్టరమ్మ కాదు, వరండా చెప్పింది.
ఐరాల అక్కచెల్లెళ్ళు, దేశమ్మ, రాజ్యమ్మ.
అక్కకి మెడ్యులరీ. అయోడిన్ మందుకి లొంగదు.
కొన్ని ఇండ్లల్లో పుట్టుకతోనే దిగి వస్తాదని
చెల్లెలికీ, చెల్లెలి బిడ్డకీ పరీక్ష రాసినారు.
"మా యమ్మ కమ్మలు అక్కకిచ్చింది,
నాకేమిచ్చిందో ఈ కాగితం చెప్పాల"
అనింది రాజ్యమ్మ,
శనక్కాయలు వలిచి నా చేతిలో పోస్తా.

నాలుగోదానికి పోలిక చెప్పను.
చెప్పగలను. భాకరాపేట ఘాటు తెలిసినదాన్ని.
కానీ గురవయ్య నా ఎదురు బెంచీలోనే కూర్చోనుండె.
డెబ్బై నాలుగేండ్లు.
గడ్డ లేచి ఆరు వారాలు, అప్పుడే నీళ్ళు కూడా దిగవు.
అనాప్లాస్టిక్ అని ఫైలు మీద రాసుంటే
కూతురు ఆ పక్కని లోపలికి తిప్పి పట్టుకోనుండాది,
నాయనకి చదవను రాదని తెలిసీ.
మళ్ళీ సోమవారానికి ఆ బెంచీలో వేరే ఎవురో.

ఆపరేషనయి కండ్లు తెరిచి
మొదటిగా పూతలపట్టు అనబోయినా.
గాలి వచ్చింది, ఊరు రాలా.
గొంతు నరం అదిరింది, నెలలు పడతాదన్నారు.
వేళ్ళ చివర్ల చీమలు పారినాయి.
తర్వాత అయోడిన్ మింగించి
ఒంటిగా గదిలో పెట్టి, తిండి తలుపు కాడ పెట్టి పోయినారు.
పదహారేండ్లలో మొదటిసారి
నన్ను ఎవురూ తోసుకోలా. నిద్ర పట్టలా.

ఇప్పుడు పరగడుపున ఒక తెల్లమాత్ర. డ్యూటీలో విజిలు.
ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పో.
ఊర్ల పేర్లు ఫుట్‌బోర్డు పిల్లోళ్ళు అరుస్తారు, వరస తప్పించి.

మొన్న ఒకామె చిల్లర ఇస్తా నా మెడ మచ్చ చూసింది.
"నాకూ గడ్డుందన్నారక్కా. అదేనా?"
విజిలు నోట్లోంచి తీసినా.
శానా గడ్డలు ఏమీ కావు, అన్నా గరగరా.
అయినా చూపించుకో. అదే అయితే, పేరు అడుగు.
మాటల్లో ఆమె స్టేజీ దాటిపోతా ఉండాది,
విజిలు మర్చిపోయి అరిచినా
హోల్డాన్!

బస్సు ఆగింది.
చెంగల్రాయులు అద్దంలో వెనక్కి చూసినాడు,
ఎవురబ్బా అరిచిందీ, అని.