ఎంగిలి

జులై నెల. కొలాక్‌లో గడ్డి మీద పేరిన మంచు
బూట్ల కింద అప్పడంలా విరుగుతోంది.

బిస్కట్ ఎడమ డొక్కలో ఒక కిటికీ.
రబ్బరు మూత తీస్తే ఆవిరి,
పులిసిన పిండి వాసన.
భుజం దాకా చెయ్యి పెట్టాను.
ఈ రాత్రి ఈ ఊళ్లో వెచ్చగా ఉన్న చోటు ఇదొక్కటే.
అది నా వైపు చూడనైనా చూడలేదు,
నములుతోంది.

లోపల పైన ఎండుగడ్డి చాప, కింద చారు.
గోడ ఒకసారి నా చేతిని బిగించి వదిలింది.

నిజానికి ఆవుకి గడ్డి అరగదు.
మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు.
దాని ఒంట్లో ఏ రసమూ గడ్డిపోచ నారను విప్పలేదు.
విప్పేవాళ్లు వేరే. కంటికి ఆనని కోట్లమంది,
వెలుతురు ఎరగని, గాలి తగిలితే చచ్చే కూలిజనం.
ఆవు చేసేదల్లా వాళ్ల పొయ్యి ఆరకుండా చూడటం,
మింగింది మళ్లీ నోట్లోకి తెచ్చి
యాభైసార్లు, అరవైసార్లు నూరి
బిందెలకొద్దీ ఉమ్మి కలిపి కిందికి పంపడం.
చివరికి వాళ్లనే అరిగించుకోవడం.
ఆ సంగతి కూలివాళ్లకి ఎవరూ చెప్పరు.

అవతల గ్లెనిస్ హారప్ కొట్టంలో డెబ్బై మూడో నంబరు
గింజల గదిలో జొరబడి, కడుపు పట్టనంత బార్లీ మేసింది.
పులుపెక్కి లోపలి ఊరు ఊరంతా పోయింది.
మూడు రోజులుగా నెమరు లేదు.
మందులు పోశాం. మందులు ఊరిని కట్టవు.

అందుకే బిస్కట్ చారు పాత మేజోట్లో వడగట్టి,
గాలి చొరకుండా పాల క్యాను అంచుదాకా నింపి,
కంబళి చుట్టి ముందు సీట్లో కూర్చోబెట్టి
బెల్టు కూడా పెట్టాను.
దారిలో కంగారూ అడ్డొస్తే బ్రేకు వేశాక
ముందు క్యాను మీద చెయ్యి వేశాను.

గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే ఇల్లు మాది.
నేను కొరికిన జామకాయ తమ్ముడికిచ్చానని
కనకాంగత్త ఇద్దరి నోళ్లూ కడిగించింది.
పాలేరు ఏసోబు గ్లాసు చూరులో ఉండేది.
ఇరవై రెండు కిలోమీటర్లు
పదహారు లీటర్ల ఎంగిలిని పక్కన పెట్టుకుని
ఆ చూరే గుర్తొచ్చింది, ఎందుకో.

గొట్టం దింపాం. చలిని తిట్టుకుంటూ
గ్లెనిస్ గరాటు ఎత్తి పట్టుకుంది.
డెబ్బై మూడు మింగింది, ఇష్టం లేకుండానే.

నాలుగున్నరకి స్టెతస్కోపు తీసేసి
డొక్కకి చెవి ఆనించాను.
ఎక్కడో దూరంగా
కంకర మీద బండి మలుపు తిరిగిన చప్పుడు.
తర్వాత ఏమీ లేదు.
"వినిపించిందా?" అంది గ్లెనిస్.
ఆగమని వేలెత్తాను.
నిమిషానికి రెండుసార్లు రావాలది.