గుంత

ఆ రాత్రి వాన. రియోని నది వంతెన దిగాక
మలుపులో బండి కింద ఏదో మెత్తగా తగిలింది.
ఆగలేదు.
వెనక పదకొండు మంది, ఒకామె ఒళ్ళో గుడ్ల బుట్ట.
"ఏంటది?" అన్నారెవరో.
"గుంత" అన్నాను.
కుతాయిసిలో గుంతలకేం కరువు,
మళ్ళీ ఎవరూ అడగలేదు.

తెల్లారి మా అపార్టుమెంటు వెనక
ద్రాక్షపందిరి కింద గుంపు.
మూడో అంతస్తు జుజునా,
మెట్ల బల్బు డబ్బుల దగ్గర మాటొచ్చి
మూడేళ్ళుగా నా మొహం చూడని ముసలమ్మ,
పెళ్ళినాటి ఉన్ని దుప్పటి తడినేల మీద పరిచి
ఓ గోధుమరంగు కుక్కని పడుకోబెట్టింది.
చెవికి మునిసిపాలిటీ వాళ్ళ పసుపు బిళ్ళ.
వెనక కాలు
కాలులా లేదు.

మందులషాపు లమారా సెలైన్ సీసాని పందిరికి కట్టింది.
గుత్తుల మధ్య అదీ ఒక గుత్తిలా వేలాడింది.
ఎవరికీ తలుపు తియ్యని గోచా
బ్యాటరీ లైటు పట్టుకుని గంటసేపు కదల్లేదు.
మూతికి జుజునా తన మేజోడు చుట్టింది గానీ
అది కరిచే కుక్క కాదు,
అందిన ప్రతి చేతినీ వాసన చూసింది.
నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"ఏ పాపాత్ముడో," అంది జుజునా,
"వాడి చక్రాలూడ, వాడి రొట్టె రాయిగాను!"
"అంతే మరి" అన్నాను.
ఇంకేమనను?

కాలు తీసెయ్యాలన్నాడు డాక్టరు. నాలుగు వందలన్నాడు.
జుజునా పచ్చడి సీసా కడిగి గుమ్మం గుమ్మం తిరిగింది,
ఎవరెంత వేశారో మెట్ల మీద నుంచి గట్టిగా చెబుతూ.
సిగ్గుకి కొందరు రెండోసారి వేశారు.
నా గుమ్మం మాత్రం దాటిపోయింది.
ఆ రాత్రి రెండింటికి
చెప్పులు చేత్తో పట్టుకుని పైకెళ్ళి
వాకిట్లో ఉన్న ఆ సీసాలో
నా వారం వసూళ్ళు కుక్కి వచ్చాను.
దొంగతనానికి కూడా అంత భయపడరు.

ఇప్పుడు దానికి మూడు కాళ్ళు, ఎనిమిదిళ్ళ తిండి.
పిల్లలు బ్రోలా అని పిలుస్తారు.
సైకిళ్ళని పట్టించుకోదు, చెత్తబండికి తోకాడిస్తుంది.
నా బండి మలుపు తిరిగిందా,
లేచి, తూలి, నిలదొక్కుకుని
గొంతు చీరుకుపోయేలా మొరుగుతుంది.
"డీజిలు వాసన గిట్టదేమో" అంటాడు గోచా.
జుజునా ఏమీ అనదు.

కుట్లు విప్పించే రోజు ఆమె నా బండే ఎక్కింది,
దుప్పట్లో చుట్టిన దాన్నెత్తుకుని, సరిగ్గా నా వెనక సీట్లో.
దారంతా అది నా మెడమీదికి మొరుగుతూనే ఉంది.
దిగేటప్పుడు డబ్బులొద్దన్నాను.
నా అరచెయ్యి తెరిచి చిల్లర ఒక్కొక్కటే లెక్కపెట్టింది.
"నీ బాకీ నీది, నా టికెట్టు నాది.
సీసాలో అడుగున దొరికిన నోట్లకి
డీజిలు కంపు" అంది.
రెండడుగులేసి వెనక్కి తిరిగింది.
"ఆ బల్బు మార్చు. చీకట్లో మెట్లెక్కలేకపోతోంది అది."

మార్చాను.
ఆ మలుపు దగ్గర ఇప్పుడు, రోడ్డు ఖాళీగా ఉన్నా, ఆపుతాను.
"ఏంటి, గుంతా?" అంటారు కొత్తవాళ్ళు.
"కుక్క" అంటాను.
అద్దంలోంచి చూసి, ఎక్కడా లేదే అంటారు.

బ్రోలా మొరగడం మానలేదు.
మానకపోతేనే నయం.