వెండి వేర్లు

మూడో అంతస్తు హెల్వె గారు దాన్ని పారేసింది నవంబరులో.
మధ్యాహ్నం మూడున్నరకే
మా ముస్తామాయె వీధుల్లో దీపాలు వెలిగే రోజులు.
చెత్తడబ్బా మూత మీద, ఖాళీ పెరుగు కప్పుల పక్కన
పూలు రాలిపోయిన ఆర్కిడ్.
చచ్చిందనుకుని ఉంటారు.
పూలు రాలితే చచ్చినట్టే లెక్క చాలామందికి.

ముప్ఫై ఒక్క ఏళ్ళు టాలిన్ ట్రాలీబస్సుల షెడ్డులో పనిచేసినవాణ్ణి.
కదలని బండిని చచ్చిందని అనను.
తీగ ఎక్కడ తెగిందో వెతుకుతాను.

వంటగది బల్ల మీద పాత పేపరు పరిచి
కుండీలోంచి బయటికి లాగాను.
నల్లబడ్డ వేర్లు, నొక్కితే నీళ్ళు,
తడి బూట్ల వాసన.
ఎవరో దీనికి రోజూ నీళ్ళు పోశారు,
దయతోనే.
దయ చేతికి చెంబిస్తే
ఎక్కడ ఆపాలో దానికి తెలియదు.

కత్తెర మంట మీద కాల్చి కుళ్ళినవన్నీ కోశాను.
గాయాలకు దాల్చినచెక్క పొడి అద్దాను.
ఆ రాత్రంతా ఇల్లు
పండగ రొట్టెల వాసనేసింది.
మిగిలినవి నాలుగు వేర్లు.
రెండుసార్లు లెక్కపెట్టాను. నాలుగే.

మట్టి అడగని మొక్క ఇది.
ఎక్కడో వాన ఆగని అడవిలో
చెట్టు భుజం మీద కూర్చుని గాలి తాగి బతికిన జాతి.
పైన్ బెరడు ముక్కలు, అడుగు కనబడే ప్లాస్టిక్ కుండీ,
అంతే.
వేర్లకీ వెలుతురు కావాలట.
వేరంటే చీకట్లో ఉండాల్సిందేనని
నాకెవరు చెప్పారో!

ఆదివారం, ఆవిరిగది నుంచి వచ్చాక,
గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పావుగంట.
బూడిద పట్టిన వెండిలా ఉన్న వేరు
చూస్తుండగానే పచ్చబడుతుంది.
చంటిబిడ్డ పాలు తాగుతుంటే దవడ కదులుతుంది చూడండి,
అలా దాని దాహం కంటికి కనబడుతుంది.
ఆకుల నడిమి గుంటలో చుక్క నిలిచినా
దూదితో ఒత్తి తీయాలి.
గ్రీజు మరకలు ఇంకా వదలని ఈ వేళ్ళు
ఎంత మెల్లగా వంగేవో
షెడ్డు వాళ్ళు చూస్తే పడీపడీ నవ్వేవాళ్ళు.

రెండేళ్ళు.
ఆకు మీద ఆకు వచ్చింది. పువ్వు లేదు.
కిటికీ బిగించి, రేడియేటర్ దగ్గర,
చలి సోకకుండా పెట్టుకున్నాను.
పడుకోబోయే ముందు దానితో ఒక మాట.
ఏం మాటో చెప్పను.

మూడో ఏడు సెప్టెంబరులో కిటికీ గొళ్ళెం విరిగింది.
అందరి గొళ్ళేలూ బాగుచేసే మనిషిని,
నాది మాత్రం మూడు వారాలు వాయిదా వేశాను.
రాత్రిళ్ళు సముద్రం మీంచి వచ్చే చల్లగాలి
సందులోంచి సరిగ్గా దాని మీదే పడేది.
ఒక పొద్దున ఆకు చంకలో
పచ్చగా ఏదో పొడుచుకొచ్చింది.
వేరైతే కొస నున్నగా ఉంటుంది.
ఇది ఉన్ని తొడుగులో దాగిన బొటనవేలిలా ఉంది.

ఆ కాస్త చలి తగిలితేనే గానీ
దానికి పువ్వు గుర్తు రాదట.

మొగ్గలున్నప్పుడు కుండీ తిప్పకూడదు,
మెడ మెలిపడుతుంది.
తిప్పలేదు.
ఫిబ్రవరిలో తొమ్మిది పూలు విచ్చాయి,
తొమ్మిదీ కిటికీ బయటికే చూస్తూ.
నాకు వీపులే.

మంచు పార చేతిలో అలాగే పట్టుకుని
హెల్వె గారు తలుపు కొట్టారు.
"కింద నుంచి కనబడ్డాయి" అన్నారు.
బూట్లు విప్పి, లోపలికొచ్చి,
గోడకీ రేడియేటర్‌కీ మధ్య తల దూర్చి చూశారు.
తెలుపు, గొంతులో పసుపు చుక్క.
గుర్తుపట్టారు. అడగలేదు. నేనూ చెప్పలేదు.
"ఆయన పోయాక," అన్నారు చాలాసేపటికి,
"పొద్దున్నే లేచి చేయడానికి ఇంకో పని ఉండేది కాదు.
రోజూ నీళ్ళు పోసేదాన్ని."

కాఫీ తాగాం.
ఆదివారం రండి, నీళ్ళ రోజు, అన్నాను.

ఆవిడ వెళ్ళాక కోటు వేసుకుని కిందికి దిగాను.
చెత్తడబ్బా పక్కన, మోకాలి లోతు మంచులో నిలబడి
నా కిటికీకేసి తలెత్తాను.
వంటింట్లో లైటు ఆర్పడం మరిచిపోయి వచ్చాను,
మంచిదైంది.